ఇరుగుపొరుగు లేని గెలాక్సీ

కొర్రా కనకకి ఆ ఏడు ముప్పై నిండాయి. డుంబ్రిగుడలో కాఫీ రైతుల సంఘం వాళ్ల ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్‌గా చేరి పదహారు నెలలైంది. ఆఫీసంటే రేకుల కప్పు కింద రెండు గదులు. ముందు గదిలో కంప్యూటరు, బల్ల, రెండు ప్లాస్టిక్ కుర్చీలు. వెనక గదిలో ఖాళీ గోనె సంచులు. ఆమె కాక ఇంకో ఉద్యోగి లేరు. సంఘం కార్యదర్శి జగన్నాథరావు గారు విశాఖపట్నంలో ఉంటారు. నెలకి రెండుసార్లు జీపులో వచ్చి, కాగితాలు చూసుకుని, పొద్దు వాలకముందే ఘాట్ దిగిపోతారు.

ఆమె పని రైతుల వివరాలు కంప్యూటర్లోకి ఎక్కించడం. ఏ ఊళ్లో ఎవరికి ఎంత తోట, ఎన్ని కాఫీ మొక్కలు, నీడకి ఏ చెట్లున్నాయి, వాటి మీదికి మిరియం పాకించారా లేదా. మందులు వెయ్యని కాఫీ అని ముద్ర పడాలంటే ఇవన్నీ నమోదై ఉండాలి. 2009 జూన్ నాటికి పదకొండు వందల మందివీ ఎక్కించేసింది. ఆ తర్వాత వానలు పట్టుకున్నాయి. కాయ కోతకొచ్చేది నవంబరులో. అప్పటిదాకా ఆ ఆఫీసుతో ఎవరికీ అవసరం లేదు. అయినా తొమ్మిదింటికి తాళం తీసి, ఐదింటికి వేసి వెళ్లాలి.

కనకది డుంబ్రిగుడకి పదకొండు కిలోమీటర్ల పైన, కొండ మీది ఊరు. ఆరేళ్లప్పుడు ఆశ్రమ పాఠశాలలో వేశారు. అక్కణ్ణుంచి అరకులో డిగ్రీ అయ్యేదాకా హాస్టళ్లే ఆమె ఇల్లు. సెలవులకి ఊరెళ్తే తన ఈడు ఆడపిల్లలు పిల్లల్ని చంకనేసుకుని కనిపించేవారు. ఇంట్లో మాట్లాడే ఆదివాసీ ఒడియా ఆమె నోట్లో మెల్లమెల్లగా బిగుసుకుపోయింది. ఒక మాట కోసం వెతుక్కుంటూ ఆగితే వదిన నవ్వేది. కింద మైదానం నుంచి వచ్చినవాళ్లేమో ఆమె తెలుగు రెండు ముక్కలు వినగానే "ఏజెన్సీ అమ్మాయివా?" అనేవారు. రెండు సంబంధాలు వచ్చాయి. ఒకాయనకి ఇంత చదువుకున్న పిల్ల వద్దు. రెండో ఆయన కనకకి వద్దు. తల్లి పోయాక ఆ ఊసెత్తేవాళ్లు లేకపోయారు. సంత జరిగే మైదానం వెనక గది అద్దెకి తీసుకుని ఒక్కతే ఉంటోంది.

ఆ వానల్లో ఒక్కోసారి మూడేసి రోజులు ఆమె ఎవరితోనూ మాట్లాడేది కాదు. టీ కొట్టు దగ్గర నిలబడితే చాలు, కొట్టతను గ్లాసు అందించేవాడు. మాటతో పని ఉండేది కాదు.

జూలై మొదటి వారంలో అజయ్ అనే ఇన్‌స్పెక్టర్ హైదరాబాదు నుంచి వచ్చాడు. తోటలు తనిఖీ చేసి, సర్టిఫికెట్‌కి సంతకం పెట్టాల్సింది అతనే. కొండ మీదికి రోడ్డు కోసుకుపోవడంతో ఒక రోజంతా ఆఫీసులో కూర్చోవాల్సి వచ్చింది. రికార్డులు చూసేశాడు. వాన తగ్గలేదు.

"రోజంతా ఇలా ఒక్కరే ఉంటారా?" అనడిగాడు.

"ఒక్కదాన్నేనండి. అలవాటైపోయింది."

అజయ్ కుర్చీ దగ్గరికి లాక్కుని కంప్యూటర్లో ఏదో తెరిచాడు. నల్లటి తెర మధ్యలో మసకమసకగా వెలుగుతున్న ఒక మచ్చ వచ్చింది.

"ఇది గెలాక్సీ. అమెరికాలో ఒక కొండ మీద టెలిస్కోపు ఉంది. అది ఆకాశాన్ని వరసగా ఫోటోలు తీసుకుంటూ పోయింది. లక్షల గెలాక్సీలు పడ్డాయి. ఏది ఎలా ఉందో చూసి చెప్పడానికి అంతమంది సైంటిస్టులు లేరు. కంప్యూటర్లకేమో ఆ పని సరిగా చేతకాలేదు. అందుకని ఎవరైనా సరే చూసి చెప్పండని ఇలా పెట్టారు."

"నాకు ఇంగ్లీషు అంతంతమాత్రమండి."

"ఇంగ్లీషుతో పనేముంది? పక్కన చిన్న బొమ్మలున్నాయి చూడండి. ఫోటో ఏ బొమ్మలా ఉంటే దాని మీద నొక్కడమే."

ఆమె పేరుతో ఒక ఖాతా తెరిచి పెట్టాడు. ఒక ఫోటో తర్వాత ఇంకోటి నాలుగైదు చూపించాడు. గుండ్రంగా నునుపుగా ఉందా, చేతులు చుట్టుకుని ఉన్నాయా, ఉంటే ఎన్ని, మధ్యలో అడ్డంగా పట్టీ ఉందా. "వీటిల్లో చాలావాటిని ఇంతవరకూ ఏ మనిషీ కళ్లతో చూసి ఉండడు. మీరే మొదటివాళ్లు కావొచ్చు," అన్నాడు. మర్నాడు రోడ్డు బాగుచేశాక కొండెక్కి, అటునుంచి అటే వెళ్లిపోయాడు.

కనక వారం రోజులు దాని జోలికి పోలేదు. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం, వరండాలో నీళ్లు తుడిచేసి వచ్చి కూర్చుని, తెరిచింది. ఐదు గంటలకి తాళం వెయ్యడం మర్చిపోయింది.

మొదట్లో అన్నీ ఒకేలా అనిపించాయి. తర్వాత తేడాలు తెలియసాగాయి. కొన్ని పసుపు ముద్దల్లా ఉంటాయి, వాటిల్లో చూడ్డానికేమీ ఉండదు. కొన్ని అంచు మీద నిలబెట్టిన పళ్లెంలా సన్నటి గీత. సుడి తిరిగిన వాటిల్లో కొన్నింటికి చేతులు మధ్యలోంచే మొదలవుతాయి. మరికొన్నింటికి మధ్యలో అజయ్ పట్టీ అన్న తిన్నటి బద్ద ఒకటి ఉంటుంది, దాని రెండు కొసల నుంచీ చేతులు కిందికి వంగి చుట్టుకుంటాయి. ఆ రెండో రకాన్ని ఆమె మనసులో కావిడి అనుకునేది. కొండ దిగి సంతకి వచ్చేవాళ్ల భుజాల మీది కావిడి బద్ద, రెండు చివర్లా వేలాడే బరువు. వాన నీళ్లతో మసకేసిన అద్దంలోంచి చూసినట్టు ఉండే ఫోటోలో కూడా బద్ద ఉందో లేదో ఆమెకి తెలిసిపోయేది. చిన్నప్పుడు సెలవుల్లో తల్లి పక్కన కూర్చుని కాఫీ గింజల్లోంచి పుచ్చులు ఏరిన కళ్లవి.

ఒకసారి జగన్నాథరావు గారు చూశారు.

"ఏటిది కనకా? ఏటి సేత్తన్నావు?"

ఆమె లేచి నిలబడి చెప్పింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, వంగి తెర వైపు చూశారు.

"ఎంత దూరం ఉంటాయివి?"

"కోట్ల కాంతి సంవత్సరాలటండి."

"పనైపోయింది కదా, సూసుకో," అన్నారు. జీపు ఎక్కబోతూ ఆగి, "నీకు బావుందా అయ్యి సూత్తంటే?" అనడిగారు. ఆమె తలూపింది.

ఆగస్టు మూడో వారంలో ఆ గెలాక్సీ వచ్చింది.

తెర మధ్యలో, ఏ వంకరా లేకుండా ఎదురుగా తిరిగి ఉంది. మధ్య బద్ద ముదురు పసుపు. పండిన వరి గడ్డి రంగు. దాని పొడవునా రెండు సన్నటి నల్లటి చారలు. రెండు కొసల నుంచి రెండే చేతులు, నీలంగా, తొందర లేకుండా వంగి, ఒకదాని చివర ఒకటి దాదాపు అందుకోబోయి ఆగిపోయాయి. చుట్టూ నలుపు. మామూలుగా ఫోటో అంచుల్లో ఎక్కడో ఒకచోట ఇంకో మచ్చయినా, చుక్కయినా ఉంటుంది. దీని పక్కన ఏమీ లేదు.

కనక బొమ్మ మీద నొక్కలేదు. నొక్కితే అది పోయి ఇంకోటి వస్తుంది. అన్నం తినే వేళ దాటిపోయింది. కరెంటు పోతుందేమోనని భయం వేసి, కింద ఉన్న పొడవాటి నంబరు కాగితం మీద రాసుకుంది. ఒక అంకె తప్పు పోయిందేమోనని మళ్లీ సరిచూసుకుంది. అప్పుడు నొక్కింది.

ఆ సాయంత్రం వెబ్‌సైటులో ఉన్న చిరునామాకి, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తూ, మధ్యమధ్య ఇంగ్లీషు మాటలు కలిపి, నాలుగు వాక్యాలు రాసింది. ఈ నంబరు గెలాక్సీకి పేరుందా? ఎంత దూరం? దీని పక్కన ఎందుకు ఏమీ లేదు? నా పేరు కనక, మాది డుంబ్రిగుడ.

పదకొండు రోజులకి జవాబు వచ్చింది. అదీ ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగే.

"కనక గారికి నమస్కారం. మీ ఉత్తరం ముగ్గురి చేతులు మారి, నేను తెలుగుదాన్నని నాకు చేరింది. నా పేరు సౌందర్య. మాది పార్వతీపురం. పూణేలో గెలాక్సీల మీద పరిశోధన చేస్తున్నాను. మీరు పంపినదానికి పేరు లేదు, నంబరే. దూరం దాదాపు అరవై ఎనిమిది కోట్ల కాంతి సంవత్సరాలు. మీరు చూసిన వెలుగు అక్కడ బయల్దేరేటప్పటికి భూమ్మీద గడ్డి కూడా మొలవలేదు. మీ కొండల్లో రాళ్లు మాత్రం అప్పటికే ఉన్నాయి, అవి ఇంకా పాతవి.

"ఆ చివర నుంచి ఈ చివరకి లక్షా పదివేల కాంతి సంవత్సరాలు. మధ్యలో పట్టీ ఒక్కటే ముప్పై వేలు. పట్టీలో ఉన్నవి ముసలి నక్షత్రాలు, అందుకే పసుపు. చేతుల్లో కొత్తగా పుడుతున్నవి, అందుకే నీలం. మీకు కనిపించిన నల్ల చారలు ధూళి. పట్టీ వెంబడి వాయువు జారి నడిమికి చేరుతూ ఉంటుంది. మన పాలపుంతకి కూడా ఇలాంటి పట్టీ ఉంది, మనం లోపలే ఉన్నాం కాబట్టి మనకి కనపడదు.

"గెలాక్సీలు మామూలుగా గుంపుల్లో ఉంటాయి. దీనికి చుట్టూ కోటి కాంతి సంవత్సరాల మేర మరో పెద్ద గెలాక్సీ లేదు. నేను చదువుతున్నది ఇలాంటివాటి గురించే. పక్కనుంచి ఇంకో గెలాక్సీ పోతూ లాగితే ఈ పట్టీ పుడుతుందని కొందరంటారు. లోపలి నక్షత్రాల కదలికలోంచి తనంతట తనే పుడుతుందని కొందరంటారు. రెండు విధాలా జరుగుతుందని నా అనుమానం. మీదాన్ని మాత్రం లాగేవాళ్లెవరూ లేరు."

కనక ఆ ఉత్తరాన్ని మూడుసార్లు చదివింది. కనక గారు అని ఆమెని ఎవరూ పిలిచి ఎరగరు. చివరి వాక్యంలో "మీదాన్ని" అన్న మాట దగ్గర ప్రతిసారీ ఆగింది.

అలా ఉత్తరాలు మొదలయ్యాయి. సెప్టెంబరులో సౌందర్య ఆరువందల పన్నెండు గెలాక్సీల జాబితా పంపింది. అన్నీ చుట్టుపక్కల ఎవరూ లేనివే. వీటిల్లో పట్టీ దేనికుందో, దేనికి లేదో, దేనికి అనుమానమో రాయాలి. "నేను ఒకసారి చూశాను. ఇంకో మనిషి కళ్లు కావాలి. నా జవాబులు మీకు పంపను, పంపితే మీ చూపు మారిపోతుంది," అని రాసింది.

కనక మొదటిసారి అన్నీ చూసి రాసుకుని, ఆ కాగితాలు పక్కన పెట్టేసి, రెండోసారి మొదట్నుంచీ చూసింది. తేడా వచ్చినవి మూడోసారి చూసింది. కరెంటు పోయిన రోజుల్లో కాగితాలు ముందేసుకుని కూర్చునేది. అక్టోబరు ఆఖరికి పంపింది. ముప్పై ఒక్క చోట ఇద్దరి జవాబులూ కలవలేదు. వాటిల్లో పంతొమ్మిదింటికి కనక చెప్పిందే నిజమని, ఇంకా మంచి ఫోటోలు తెప్పించి చూశాక సౌందర్య ఒప్పుకుంది.

"మీరు వీటిని కావిడి అంటారని రాశారు కదా. మా గైడు గారికి చెప్పాను. ఆయన నవ్వారు, కానీ బావుందన్నారు," అని రాసింది.

కనక ఉత్తరాలు మెల్లగా పొడుగయ్యాయి. గెలాక్సీల కింద ఇంకేవో చేరేవి. ఇవాళ వరండాలోకి పాము వచ్చింది. మా అయ్య సంతకి వస్తాడనుకున్నాను, రాలేదు. మీరు పూణేలో అన్నం ఎక్కడ తింటారు? ఒకసారి, ఎందుకో తనకే తెలియకుండా, "మూడు రోజులై ఎవరితోనూ మాట్లాడలేదు. పొద్దున్న నా గొంతు సరిగ్గా ఉందో లేదోనని గట్టిగా అంకెలు చదువుకున్నాను," అని రాసి పంపేసింది.

రెండు రోజులకి జవాబు వచ్చింది. "కనక గారూ, 341వ నంబరు ఇంకోసారి చూస్తారా? అది పట్టీ కాదేమో, మనవైపు కొంచెం ఒరిగి ఉందేమో."

కనక 341 చూసింది. ఒరిగే ఉంది. అదే రాసింది. ఆ తర్వాత ఉత్తరాల్లో గెలాక్సీల సంగతి తప్ప ఇంకేమీ రాయలేదు.

డిసెంబరు మొదటి వారంలో సౌందర్య అరకు వస్తున్నట్టు కబురు పెట్టింది. పెళ్లై నాలుగు నెలలైందట. ఆ సంగతి కనకకి అప్పుడే తెలిసింది. భర్త, అత్తగారు, ఇద్దరు ఆడపడుచులతో వస్తోంది. ఆదివారం పదకొండింటికి చాపరాయి దగ్గర ఆగుతారు. "తప్పకుండా రండి. మీ కోసం ఒకటి తెస్తున్నాను."

చాపరాయి డుంబ్రిగుడకి దగ్గరే. పెద్ద పలక బండ మీంచి వాగు పల్చగా పరుచుకుని జారుతూ ఉంటుంది. చలికాలం ఆదివారాల్లో చూడ్డానికి వచ్చేవాళ్లతో నిండిపోతుంది. కనక పదింటికే వెళ్లింది. ఆకుపచ్చ చీర కట్టుకుంది. బొంగు చికెన్ కాలుస్తున్న పొగ మీద పడకుండా దూరంగా నిలబడి, వచ్చిన ప్రతి బండిలోంచి దిగేవాళ్లని చూసింది. పన్నెండు దాటాక తెల్లటి సుమో ఒకటి వచ్చింది. సన్నగా, కళ్లజోడు పెట్టుకుని, చున్నీ సర్దుకుంటూ దిగిన అమ్మాయి నలువైపులా చూసి, ఆమె దగ్గరికి వచ్చింది.

"కనక గారేనా?"

"నేనేనండి."

ఇద్దరూ నవ్వారు. నాలుగు నెలల్లో నలభై ఉత్తరాలు రాసుకున్నవాళ్లు, ఎదురెదురుగా నిలబడి ప్రయాణం బాగా జరిగిందా అంటే బాగానే జరిగిందనుకున్నారు. ఇంతలో సౌందర్య అత్తగారు వచ్చారు.

"ఎవరమ్మా? మనకి అన్నీ సూపించడానికి వచ్చిందా?"

"కాదత్తయ్యా. తను... నాకు తెలిసినావిడ. ఇక్కడ ఆఫీసులో పని చేస్తారు."

"ఇక్కడి గుంటేనా, ఈ పిల్ల? అయితే మంచి తేనె ఎక్కడ దొరుకుతాదో తెలుస్తాది. ఈ కొట్లోళ్లు బెల్లం పాకం కలిపేత్తారంట. రా అమ్మా, కొంచెం సూపించు."

సౌందర్య ఏదో అనబోయింది. అత్తగారు అప్పటికే నడుస్తున్నారు. కనక ఒక క్షణం సౌందర్య ముఖంలోకి చూసి, ఆవిడ వెనకాలే వెళ్లింది. రోడ్డు పక్కన సీసాలు పెట్టుక్కూర్చున్న ముసలామెతో ఆదివాసీ ఒడియాలో మాట్లాడింది. తేనె వేలి మీద వేసుకుని నాకి చూసింది. ఒక సీసా కాదని ఇంకోటి ఎంచింది. ఆవిడకి ఇంకా శీకాయ కావాల్సి వచ్చింది, పిప్పళ్లు కావాల్సి వచ్చాయి. ఆడపడుచులకి ఫోటోలు తీయాల్సి వచ్చింది. తిరిగి వచ్చేసరికి అరగంట పైనే గడిచింది.

సౌందర్య బండ మీద ఒక పక్కగా కూర్చుని ఉంది. ఒళ్లో గుండ్రంగా చుట్టిన అట్ట గొట్టం. కనక పక్కన కూర్చోగానే అందులోంచి కాగితం తీసి మోకాళ్ల మీద పరిచింది.

అదే గెలాక్సీ. వేరే టెలిస్కోపుతో తీసింది. అడుగున్నర పొడవు కాగితం నిండా ఉంది. కనక చూసిన ఫోటోలో రంగు పూసినట్టున్న చోట ఇప్పుడు విడివిడిగా చుక్కలు. బద్ద నడిమిన చిన్న ఉంగరం, అందులో కొత్త నక్షత్రాల నీలం. చేతుల వెంబడి గులాబీ రంగు మచ్చలు.

"ఈ గులాబీ రంగు చోట్ల నక్షత్రాలు పుడుతున్నాయి," అని సౌందర్య వేలితో చూపించింది. "ఈ ఉంగరం మనం అనుకున్నదే. పట్టీ వెంట జారిన వాయువంతా ఇక్కడికి చేరింది. మీరు చెప్పకపోతే దీనికి ఈ ఫోటో తీయించేదాన్ని కాదు కనక గారూ. నా జాబితాలో ఇది ఎక్కడో అడుగున ఉండేది."

కనక కాగితాన్ని ముట్టుకోలేదు. చేతికి తేనె జిగురు ఇంకా ఉంది.

"దీని పక్కన నిజంగా ఏమీ లేదా?"

"మా ఫోటోల్లో లేదు."

"మరీ మసగ్గా ఉన్నదేదైనా ఉంటే? మీ ఫోటోకి అందనిది?"

సౌందర్య ఆమె వైపు తిరిగింది. జవాబు చెప్పేలోపు సుమో దగ్గర్నుంచి భర్త పిలిచాడు. దారిలో చూడాల్సిన గుహలు మూసేస్తారట, బేగి రమ్మన్నాడు. సౌందర్య కాగితం చుట్టి, గొట్టంలో పెట్టి, కనక చేతికిచ్చి లేచింది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, "రాస్తాను," అంది.

కనక వాగులో చేతులు కడుక్కుంది. చాలాసేపు అక్కడే కూర్చుంది. పక్కన ఎవరో కుటుంబం ఫోటో తీసిపెట్టమని కెమెరా చేతికిస్తే తీసిపెట్టింది. బస్సు కోసం ఆగకుండా నడిచే ఇంటికి వెళ్లింది.

ఆ తర్వాత పది రోజులు వెబ్‌సైటు తెరవలేదు. ఎలాగూ పని పెరిగింది. కోతలు ఊపందుకున్నాయి, ఏ ఊరి నుంచి ఎన్ని బస్తాల పండు వచ్చిందో ఎక్కించాలి. జగన్నాథరావు గారు వచ్చి, కొత్త సంవత్సరం నుంచి ఆఫీసు అరకు మారుతుందనీ, అక్కడ ఇంకో ముగ్గురు ఆపరేటర్లు ఉంటారనీ చెప్పారు. "ఇక ఒక్కదానివే ఉండక్కర్లేదులే," అన్నారు. మంచి మాటగానే అన్నారు.

సౌందర్య నుంచి ఉత్తరం వచ్చింది. "ఆ రోజు మీ గురించి మా అత్తగారికి సరిగ్గా చెప్పలేకపోయాను. నలభై ఉత్తరాల సంగతి ఒక్క ముక్కలో ఎలా చెప్పాలో తెలియలేదు. అది సాకే. మీరు మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదని రాసినప్పుడు కూడా నాకేం రాయాలో తెలియక 341 గురించి రాశాను. అదీ తప్పే." అంతవరకే ఉంది. కింద పేరు.

కనక దానికి వెంటనే జవాబివ్వలేదు. రెండు రోజులు సెలవు పెట్టి ఊరెళ్లింది. అప్పటికి ఆరు నెలలైంది ఊరెళ్లి.

తండ్రి మంగ్లు కళ్లంలో కాఫీ పండు ఆరబోస్తున్నాడు. అన్నా వదినలు తోటలో ఉన్నారు. ఆమెని చూసి, "వచ్చావా," అని, పండుని కాలితో పల్చగా నెరుపుతూనే ఉన్నాడు. ఆమె కూడా చెప్పులు విడిచి ఒక కొస నుంచి నెరపడం మొదలుపెట్టింది. ఎండ చురుక్కుమన్నాక ఇద్దరూ చూరు కింద కూర్చున్నారు. కనక గొట్టంలోంచి కాగితం తీసి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి, నేల మీద పరిచింది.

ఇంటి భాషలోనే చెప్పాలనుకుంది. చుక్క అన్న మాట ఉంది. దూరం అన్న మాట ఉంది. గెలాక్సీకి మాట లేదు. చాలా చుక్కలు ఒకచోట కుప్ప పడితే ఇలా ఉంటుందని చెప్పింది. చాలా అంటే ఎన్ని అన్నాడు తండ్రి. పదివేల కోట్లు అని తెలుగులో అంది. ఆయనకి ఆ లెక్క అందలేదు. కళ్లంలో పండు వైపు చూపించి, ఇలాంటి కళ్లాలు ఈ కొండలన్నిటి మీదా ఉన్నా చాలవని చెప్పింది.

మంగ్లు వంగి చాలాసేపు చూశాడు.

"ఎవరు తీశారిది?"

"పెద్ద చదువు చదివినవాళ్లు. ముందు నేను చూసి చెప్పాను."

"నువ్వొక్కదానివే చూశావా?"

"అప్పటికి నేనొక్కదాన్నే అయ్యా. ఇది కూడా ఒక్కటే. దీనికి దగ్గర్లో ఇంకోటి లేదంట. ఇరుగుపొరుగు లేదు."

మంగ్లు తలెత్తాడు. "లోపల అన్ని చుక్కలుంటే ఒక్కటే ఎలాగవుద్ది?"

కనక నవ్వబోయింది. తర్వాత ఆలోచించింది. "ఆ చుక్కలు కూడా దగ్గరదగ్గరగా లేవయ్యా. మనకి అలా కనపడతాయి గానీ, ఒక చుక్క దగ్గర్నుంచి ఇంకో చుక్క దగ్గరికి వెలుగు వెళ్లాలంటేనే నాలుగైదేళ్లు పడుతుంది."

"అంత ఎడమా?"

"అంత ఎడం."

ఆయన మళ్లీ కాగితం వైపు చూశాడు. లోపలికెళ్లి గిన్నెలో అంబలి తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఆమె తాగుతుంటే పక్కన కూర్చున్నాడు. చెల్లాచెదురుగా మాటలు పడ్డాయి. ఆమె ఎక్కడైనా ఒక మాట కోసం ఆగితే, ఆయన తొందర పెట్టకుండా ఆగాడు. తల్లి గురించి మాట్లాడుకున్నారు. ఆవిడ పోయాక ఇద్దరూ ఆ సంగతి ఎత్తడం అదే మొదలు. ఆ బొమ్మ ఇక్కడే ఉంచనా అంటే ఉంచమన్నాడు.

కొండ దిగాక కనక సౌందర్యకి రాసింది. "ఆ రోజు సంగతి నాకు బాధ వేసింది. ఇప్పుడు తగ్గింది. పూర్తిగా పోలేదు. జనవరిలో మా ఆఫీసు అరకు మారుతోంది, అక్కడ గది మాట్లాడుకున్నాను. చాపరాయి దగ్గర నేను అడిగినదానికి జవాబు చెప్పలేదు మీరు. మసకవి ఉంటే ఎలా తెలుస్తుంది?"

జవాబు ఈసారి ఆ రాత్రే రాసి పంపినట్టుంది, పొద్దున్న ఆఫీసు తెరిచేసరికి ఉంది. "తెలియదు. నిజంగా తెలియదు. చిన్న గెలాక్సీలు కొన్ని ఎంత మసగ్గా ఉంటాయంటే, చాలాసేపు తెరిచి ఉంచిన కెమెరాకి గానీ పడవు. అందుకు టెలిస్కోపు మీద రెండు రాత్రుల సమయం అడుగుతూ దరఖాస్తు పెడుతున్నాను. ప్రశ్న ఎవరిదో అందులో రాశాను. ఇస్తారో ఇవ్వరో వేసవిలో తెలుస్తుంది. అరకులో మీ గది ఎలా ఉంటుంది? కిటికీ ఉందా?"

కనక కిటికీ ఉందని రాసింది.

జనవరిలో అరకు మారింది. అక్కడి ఆఫీసులో మిగతా ముగ్గురూ కలిసి వచ్చేవారు, కలిసి తినేవారు. ఆమెని కూడా పిలిచారు. రెండు రోజులు వాళ్లతో కూర్చుని తింది. వాళ్ల మాటలు సీరియళ్ల మీద, కాబోయే పెళ్లిళ్ల మీద నడిచేవి. వినడానికి బాగానే ఉండేది. ఇంటర్నెట్ ఉన్న కంప్యూటరు మాత్రం మేనేజరు గదిలోకి పోయింది. సాయంత్రాలు నెట్ సెంటరుకి వెళ్లి ఉత్తరాలు చూసుకుని వచ్చేది.

నెలాఖరులో ఒక మధ్యాహ్నం ఆఫీసు ఫోను ఆమెకని పిలిచారు. డుంబ్రిగుడ సంతకి వచ్చిన మంగ్లు టీ కొట్టు దగ్గర్నుంచి చేశాడు. ఆయన ఫోన్‌లో మాట్లాడటం ఆమె ఎప్పుడూ వినలేదు. చుట్టూ సంత గోల. గట్టిగా అరుస్తూ మాట్లాడాడు.

"కనకా, బావున్నావా?"

"బావున్నానయ్యా. ఏమైంది?"

"ఏమీ అవలేదు. దానికి పక్కన ఎవరైనా కనపడ్డారా?"

మిగతా ముగ్గురూ పని ఆపి ఆమె వైపే చూస్తున్నారు. కనక గోడ వైపు తిరిగి, ఇంటి భాషలో, మాట వెతుక్కోకుండా చెప్పింది.

"ఇంకా లేదయ్యా. చూస్తున్నారు."

"సరే. చూడనీ," అన్నాడు మంగ్లు. "నువ్వు తిన్నావా?"